బొగ్గు తీసిన గొయ్యి పూడ్చాక: డోజర్ ఎక్కడ ఆగాలి

ఓపెన్‌కాస్ట్ గని పని ముగిసిన చోట రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించడం మామూలే. ఒకదాంట్లో నల్లటి గొయ్యి, చుట్టూ రాళ్ల దిబ్బలు. రెండోదాంట్లో నున్నగా దిగిన వాలు, దాని నిండా పచ్చగడ్డి. అది చూడగానే పోయిన నేల తిరిగొచ్చిందనిపిస్తుంది. కానీ ఆ నేల భవిష్యత్తు ఫొటోకి అందని విషయాల మీద ఆధారపడి ఉంటుంది. గడ్డి కింద జానెడు లోతులో మట్టి ఎంత గట్టిగా ఉంది? పది మీటర్ల కింద ఏ రాయి పడింది? వాన నీళ్లు ఎటు పోతాయి? గొయ్యిలో మళ్లీ ఊట నీరు పెరిగినప్పుడు ఏమవుతుంది? వీటికి జవాబులు గనిలో మొదటి బకెట్ మట్టి లేవకముందే ఉండాలి. అంతా అయ్యాక చూద్దాంలే అనుకున్న చోట, ఎంత ఖర్చు పెట్టినా పై మెరుగు తప్ప ఏమీ మిగలదు.

ముందుగా ఒక లెక్క. తవ్విన రాయి తిరిగి అదే గొయ్యిలో పట్టదు. పేల్చినప్పుడు ముక్కల మధ్య ఖాళీలు ఏర్పడి రాయి ఉబ్బుతుంది. గట్టి ఇసుకరాయో, షేల్ అనే పలకల రాయో అయితే నాలుగో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పెరుగుతుంది. దిబ్బగా పోశాక సొంత బరువుకు కొంత అణుగుతుంది కానీ మొదటి కొలతకు మాత్రం రాదు. 5 మీటర్ల బొగ్గు పొర మీద 100 మీటర్ల ఓబీ ఉందనుకుందాం. ఓబీ అంటే బొగ్గు పైన ఉన్న మట్టీ, రాయీ అంతా. అణిగాక 15 శాతం ఉబ్బు మిగిలితే ఆ 100 మీటర్లు 115 అవుతాయి. బయటికి పోయిన బొగ్గు 5 మీటర్లే కాబట్టి పూడ్చిన నేల మునుపటి కంటే 10 మీటర్లు ఎత్తుకు లేస్తుంది. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రపు పౌడర్ రివర్ బేసిన్‌లో పరిస్థితి దీనికి తలకిందులు. అక్కడ బొగ్గు పొరలు చాలా మందం, పైన ఓబీ తక్కువ. 60 మీటర్ల ఓబీ, 25 మీటర్ల బొగ్గు అనుకుంటే, ఓబీ ఉబ్బి 69 మీటర్లు అయినా పాత ఎత్తు 85కు చేరదు. నేల 16 మీటర్లు కిందికి దిగిపోతుంది.

ఈ ఎత్తుపల్లాల తేడా కళ్లకు ఎలా కనిపిస్తుందన్నది చిన్న విషయం. అసలు చిక్కు వాగులతో వస్తుంది. గని హద్దు బయట తవ్వని నేల అలాగే ఉంది, దాని మీదుగా వాగు వస్తోంది. లోపలి నేల 16 మీటర్లు దిగితే హద్దు దగ్గర వాగు ఒక్కసారిగా కిందికి దూకాలి. దూకే చోట నీరు అడుగును కోస్తుంది. ఆ కోత అక్కడితో ఆగదు, వెనక్కి పాకుతూ, గనితో ఏ సంబంధమూ లేని పై పొలాల్లోకి వెళుతుంది. లోపలి నేల లేచిన చోట నీరు అడ్డుపడి నిలుస్తుంది. అందుకే నేల సర్దుబాటు పథకం గీసేవారు గని మ్యాప్ ఒక్కటే చూస్తే చాలదు. ఎగువనా దిగువనా వాగు వాలు ఎంతుందో కొలిచి, లోపల పరిచే నేలను ఆ రెండు కొనలకూ అతకాలి.

ఖర్చు ఎక్కువ పడేది మొదటి కోత, చివరి కోత దగ్గర. గని తెరిచినప్పుడు తీసిన మొదటి ఓబీ పోయడానికి లోపల చోటుండదు కాబట్టి బయట దిబ్బ పోస్తారు. తర్వాత ముందుకు తవ్వుకుంటూ పోతూ, కొత్త కోతలోని ఓబీని వెనకటి కోతలో వేస్తారు. చివరి కోతకు వచ్చేసరికి పూడ్చడానికి మట్టి ఉండదు. మట్టి ఉన్నది గనికి అటు చివర, మొదటి దిబ్బలో. దాన్ని డంపర్లకెత్తి కిలోమీటర్ల దూరం తేవాలి. అప్పటికి బొగ్గు అయిపోయి ఆదాయం ఆగిపోయి ఉంటుంది. ప్రపంచంలో చాలా గనుల్లో చివరి గొయ్యి అలాగే మిగిలిపోవడానికి, దానికి చెరువనో, సరస్సనో పేరు పెట్టడానికి అసలు కారణం ఇదే. సరస్సు కావడం తప్పేమీ కాదు. మట్టి మోయలేక చివర్లో సరస్సు అని తేల్చడం మాత్రం పథకం అనిపించుకోదు.

చట్టం వచ్చాక కూడా

ఈ పనికి చాలా వివరంగా రాసిన నిబంధనలు అమెరికావి. అవి రాకముందు తూర్పు అమెరికాలోని అపలాచియన్ కొండల్లో బొగ్గు పొర కొండను చుట్టి ఎక్కడ బయటపడితే అక్కడ పక్క నుంచి కోసి, మట్టినీ రాయినీ వాలు మీద కిందికి నెట్టేసేవారు. కొండ పైభాగంలో నిట్టనిలువు రాతి గోడ మిగిలేది. దాన్ని హైవాల్ అంటారు. కింద నెట్టిన మట్టి వానకు జారి ఇళ్ల మీదికి, వాగుల్లోకి వచ్చేది. 1972 ఫిబ్రవరి 26న వెస్ట్ వర్జీనియాలోని బఫెలో క్రీక్‌లో బొగ్గు వ్యర్థంతో కట్టిన ఆనకట్ట తెగి 125 మంది చనిపోయారు. గని వ్యర్థాన్ని ఎక్కడ పడితే అక్కడ, ఎలా పడితే అలా పోస్తే ఏమవుతుందో దేశమంతా చూసింది. ఉపరితల గనుల బిల్లును అధ్యక్షుడు ఫోర్డ్ రెండుసార్లు తిప్పికొట్టారు. చివరికి 1977 ఆగస్టు 3న జిమ్మీ కార్టర్ సంతకంతో అది చట్టమైంది.

దాని నడుమ ఉన్న ఆదేశం ఒకటే: గొయ్యి పూడ్చాలి, హైవాల్ కనపడకూడదు, నేల సుమారుగా పాత రూపానికి రావాలి, చుట్టుపక్కల నీటి దారులతో కలిసిపోవాలి. 'సుమారుగా' అన్నది ఇక్కడ ముఖ్యం. పైన చూసిన ఉబ్బు లెక్క వల్ల పాత ఎత్తులు పొల్లుపోకుండా రావడం అసాధ్యమని చట్టం రాసినవారికి తెలుసు. కొండ శిఖరాన్నే తొలగించే గనుల్లో మిగిలిన రాయిని లోయల్లో పోయడం కూడా ఈ సందుల్లోంచే సాగింది. తల తీసేసిన కొండ, పూడిపోయిన లోయ, దాని అడుగున మాయమైన వాగు: ఈ మూడింటినీ నేలను బాగుచేయడం అనడం ఎలా చూసినా న్యాయం కాదు. లోయ పూడికల కింద నుంచి వచ్చే నీరు పైకి తేటగానే ఉంటుంది, కానీ అందులో కరిగిన లవణాలు పెరిగి, సున్నితమైన వాగు పురుగులు బతకవు. ఆ కొండల వాగుల్లో, కరిగిన లవణాలు ఎంతున్నాయో చెప్పే విద్యుత్ వాహకత సెంటీమీటరుకు 300 మైక్రోసీమెన్స్ దాటకుండా ఉంటే మంచిదని అమెరికా పర్యావరణ సంస్థ 2011లో ఒక కొలమానం ఇచ్చింది. పూడిక లోయల్లో ఆ గీత దాటడం మామూలైపోయింది.

అయినా ఈ చట్టం మేలు చేయలేదంటే అబద్ధమే. కొత్త హైవాల్‌లు ఆగాయి, వాలు మీద మట్టి నెట్టడం ఆగింది, జారుడులు తగ్గాయి. కానీ ఒక అనుకోని నష్టం జరిగింది. అది డోజర్ల వల్ల.

నున్నటి నేల ఎందుకు గొడ్డుబోయింది

చట్టం అమల్లోకి వచ్చిన కొత్తలో అందరి భయమూ ఒకటే, మట్టి జారకూడదు, కొట్టుకుపోకూడదు. తనిఖీకి వచ్చే అధికారికి నున్నగా, గట్టిగా, పచ్చగా ఉన్న వాలు కనిపిస్తే పని బాగా చేసినట్టు. గుంతలూ, గడ్డలూ ఉంటే చేయనట్టు. కంపెనీలకు కూడా ఏం చేస్తే, తవ్వకానికి ముందే హామీగా కట్టిన పూచీ సొమ్ము త్వరగా తిరిగొస్తుందో తెలుసు. అందుకని డోజర్‌తో ఒకటికి పదిసార్లు తొక్కించి, వేగంగా పెరిగే ఫెస్క్యూ గడ్డి, లెస్పెడీజా విత్తనాలు చల్లారు. నేల పచ్చబడింది. పూచీ తిరిగొచ్చింది.

చెట్లు మాత్రం రాలేదు. ప్రపంచంలోనే అత్యంత వైవిధ్యం ఉన్న సమశీతోష్ణ అడవుల్లో ఒకటి ఒకప్పుడు నిలిచిన ఆ కొండల్లో, ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత కూడా గడ్డీ, తుప్పలే కనిపించాయి. అలాంటి చోట పారతో ఒక గుంత తవ్వి చూస్తే సంగతి అర్థమవుతుంది. పైన నాలుగు వేళ్ల మందం వదులుగా ఉంటుంది, అక్కడి నుంచి పార దిగదు, గునపం కావాలి. నాటిన మొక్క వేరు కిందికి నాలుగు వేళ్లు వెళ్లి, గట్టి పొర తగిలి, పక్కకి తిరిగి అడ్డంగా పాకుతుంది. వాన కాలంలో ఆ పైపొర ఊబిలా నాని వేరుకు గాలి అందదు. ఎండ కాలంలో అదే పొర మొదట ఎండిపోతుంది. పెరిగితే గిడసబారిన చెట్టు, లేకపోతే చచ్చిన మొక్క. వీటికి తోడు ఒత్తుగా అల్లుకున్న గడ్డి నీటినీ వెలుతురునూ లాగేసుకుంటుంది, ఎలుకలకు దాక్కునే చోటు ఇస్తుంది, అవి మొక్క మొదట్లో బెరడు కొరుకుతాయి.

శాస్త్రవేత్తలు, గనుల అధికారులు, అటవీ శాఖల వాళ్లు కలిసి 2004లో అపలాచియన్ ప్రాంతానికి ఒక సంయుక్త ప్రయత్నం మొదలుపెట్టారు. వాళ్లు చెప్పిన పద్ధతి సారాంశం ఇది: కనీసం 4 అడుగుల, అంటే సుమారు 1.2 మీటర్ల మందాన వేరుకు పనికొచ్చే మట్టిని పరచాలి. పైమట్టి ఉంటే అది, లేకపోతే గాలికీ వానకూ నానిన గోధుమరంగు ఇసుకరాయి. దాన్ని తొక్కకూడదు. గడ్డి పలచగా, మొక్కకు పోటీ రాని రకాలు చల్లాలి. త్వరగా పెరిగి నేలను పట్టుకునే చెట్లూ, విలువైన కలపనిచ్చే చెట్లూ కలిపి, వేరు మడత పడకుండా నాటాలి.

వీటిలో తొక్కకూడదన్న మాట వినడానికి తేలిక, చేయించడం కష్టం. క్షేత్రంలో పని ఇలా సాగుతుంది. అడుగున గొయ్యి పూడ్చిన రాయిని బాగా దట్టించాలి, అక్కడ డోజర్ ఎంత తొక్కితే అంత మేలు. వాలు నిలవాలంటే అది తప్పదు. పై 1.2 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి పద్ధతి మారాలి. డంపర్ వెనక్కి వచ్చి ఒక కుప్ప దించుతుంది. రెండో డంపర్ ఆ కుప్ప మీదికి ఎక్కకుండా పక్కనే తగిలేలా దించుతుంది. అలా కుప్పల మీద కుప్పలు కాకుండా కుప్పల పక్కన కుప్పలు పడతాయి. తర్వాత తేలికపాటి డోజర్ ఒకసారి, మహా అయితే రెండుసార్లు, కుప్పల తలలు మాత్రం కొట్టి వెళ్లిపోతుంది. మిగిలిన నేల ఎగుడుదిగుడుగా, పెద్ద రాళ్లతో, చూడ్డానికి సగం వదిలేసిన పనిలా ఉంటుంది. ఏళ్ల తరబడి నున్నగా దువ్వడమే పనితనమని నేర్చుకున్న డోజర్ ఆపరేటర్‌కు అలా వదిలేసి రావడం మనసొప్పదు. వాలు మీద వదులు మట్టి కొట్టుకుపోతుందేమోనన్న టెన్షన్ అధికారికీ ఉంటుంది. జరిగేది మాత్రం వేరు. వదులు నేలలో వాన నీరు ఇంకిపోతుంది కాబట్టి పైన పారే నీరు తగ్గుతుంది. తొక్కిన నేల మీదే నీరంతా పైపైన పరిగెత్తి కోస్తుంది. కోతకు భయపడి తొక్కించిన నేలే ఎక్కువ కోతకు గురవుతుందన్న ఈ ఒక్క విషయం అందరూ ముందే గ్రహించి ఉంటే వేల హెక్టార్ల అడవి ఇప్పటికి నిలబడి ఉండేది.

పాత తప్పును దిద్దే దారి కూడా ఉంది, ఖర్చుతో కూడిన దారి. పెద్ద డోజర్ వెనక ఉక్కు కొక్కేలు తగిలించి మూడు నాలుగు అడుగుల లోతున నేలను చీల్చి, ఆ చీలికలు కలిసే చోట మొక్కలు నాటుతారు. గ్రీన్ ఫారెస్ట్స్ వర్క్ అనే స్వచ్ఛంద సంస్థ 2009 నుంచి అపలాచియాలో ఈ పనే చేస్తోంది. ఒకసారి డీజిల్ పోసి తొక్కించిన నేలను మళ్లీ డీజిల్ పోసి చీల్చడం. మొదటే ఆగి ఉంటే రెండు ఖర్చులూ ఉండేవి కావు.

పంట భూములదీ ఇదే కథ. అమెరికా చట్టంలో మేలిరకం సాగు భూమికి వేరే నియమాలున్నాయి. పైమట్టిని, దాని కింది పొరను వేర్వేరుగా తీసి, వేర్వేరుగా నిల్వ చేసి, అదే వరుసలో 48 అంగుళాల లోతు వరకు తిరిగి పరచాలి. అక్కడ పండించి, పక్కనున్న తవ్వని పొలంతో సమానంగా దిగుబడి వస్తుందని చూపాలి. ఇల్లినాయ్‌లో ఏళ్ల తరబడి సాగిన పరిశోధన తేల్చింది ఏమిటంటే, దిగుబడిని తేల్చేది మట్టి రసాయనం కంటే దాన్ని పరిచిన యంత్రం. మట్టిని గీకి మోసే బరువైన స్క్రేపర్లు మట్టి మీదే నడుస్తూ పరిచిన పొలాల్లో మొక్కజొన్న వేరు దిగలేదు. ఎరువు వేసినా ఫలితం లేదు.

ఏ రాయి పైకి వచ్చింది

భూమిలో రాతి పొరల వరుసకు ఒక క్రమం ఉంటుంది. పైన గాలి తగిలి, వాన కడిగి, హాని చేసే ఖనిజాలు ఎప్పుడో కరిగిపోయిన పొరలు. కింద, బొగ్గుకు ఆనుకుని, గాలి ఎరగని బూడిదరంగు షేల్. చాలా చోట్ల పైరైట్ ఎక్కువుండేది ఈ షేల్‌లోనే. తాళ్లతో బకెట్‌ను లాగి తవ్వే భారీ యంత్రం డ్రాగ్‌లైన్ ముందు పై పొరను తవ్వి వెనక్కి విసురుతుంది, తర్వాత దాని మీద కింది పొరను విసురుతుంది. అంటే సహజంగానే వరుస తలకిందులవుతుంది. బొగ్గును ఆనుకున్న రాయి దిబ్బ నెత్తి మీదికి వస్తుంది. దాన్ని అలాగే సర్ది పైన పలచగా మట్టి చల్లితే కోట్ల ఏళ్లు గాలి తగలకుండా ఉన్న పైరైట్‌కు ఆక్సిజన్, వాన రెండూ ఒకేసారి అందుతాయి.

పైరైట్ అంటే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. గాలీ నీరూ తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లంగా, కరిగిన ఇనుముగా మారుతుంది. నీరు ఆమ్లమయ్యాక కొన్ని బ్యాక్టీరియాలు ఆ ఇనుము నుంచే శక్తి పొందుతూ ఈ మార్పును ఎన్నో రెట్లు వేగంగా నడిపిస్తాయి. ఒకసారి మొదలైతే దానంతటదే ఆగదు. దిబ్బ అడుగు నుంచి వచ్చే ఊట వాగులో కలిసిన చోట ఇనుము గడ్డకట్టి రాళ్లన్నీ నారింజరంగు బురదతో కప్పుకుపోతాయి. వందేళ్ల కిందట మూసిన గనుల నుంచి ఇప్పటికీ అలాంటి నీరు కారుతున్న చోట్లు ఉన్నాయి.

దీన్ని ముందే అంచనా వేసే లెక్క కష్టమైనదేం కాదు. తవ్వకముందు బోరు వేసి, తీసిన రాతి నమూనాలో ప్రతి పొరకూ రెండు కొలతలు తీస్తారు: అది ఎంత ఆమ్లం పుట్టించగలదు, ఎంత ఆమ్లాన్ని చంపగలదు. పైరైట్ రూపంలో 1 శాతం గంధకం ఉన్న 1,000 టన్నుల రాయికి విరుగుడుగా 31.25 టన్నుల సున్నపురాయి కావాలి. ఆ పొరల్లోనే అంత సున్నం ఉంటే భయం లేదు. లేకపోతే ఆ రాయిని విడిగా తవ్వి, విడిగా మోసి, ఆమ్లానికి విరుగుడైన రాయితో కలిపి, గొయ్యిలో నీటిమట్టానికి బాగా కింద ఎప్పుడూ మునిగి ఉండేలాగానీ, నీరు తగలనంత పైన బంకమన్ను కప్పిగానీ పెట్టాలి. నీటిమట్టం ఎండకు దిగి, వానకు లేచే మధ్య పట్టీలో పడేయడం అన్నిటికంటే ప్రమాదం. అక్కడ ఒకసారి గాలి, ఒకసారి నీరు, మళ్లీ గాలి. ఆమ్లం తయారవడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు.

మంచి పైమట్టి విషయంలోనూ వరుసే ముఖ్యం. పైమట్టి ప్రాణమున్నది. బూజు పోగులు, వానపాములు, విత్తనాలు, వేర్ల ముక్కలు అన్నీ అందులో ఉంటాయి. దాన్ని పది మీటర్ల ఎత్తు గుట్టగా పోసి ఏళ్ల తరబడి ఉంచితే గుట్ట లోపలికి గాలి ఆడక అదంతా చచ్చిపోతుంది. అందుకని మేలైన పని, ముందు కోతలో తీసిన పైమట్టిని నిల్వ పెట్టకుండా వెనక పూడ్చిన కోత మీద అదే వారం పరిచేయడం. కొత్తగా తెచ్చిన మట్టిలోని విత్తనాల నుంచి, ఎవరూ చల్లని మొక్కలు మొలుస్తాయి. తప్పక నిల్వ పెట్టాల్సి వస్తే గుట్ట తక్కువ ఎత్తులో, పైన పచ్చని మొక్కలతో ఉండాలి.

వాలుకు ఆకారం

కోతను ఆపడానికి పాత పద్ధతి మెట్లు. వాలును మెట్లుగా కట్టి, ప్రతి మెట్టు మీద కొద్ది ఏటవాలుతో అడ్డకాలువ తీసి, ఆ నీటినంతా ఒక మూల రాతి కాలువలోకి దించేవారు. డిజైన్ కాగితం మీద చక్కగా ఉంటుంది. పూడిక మట్టి అన్ని చోట్లా ఒకేలా అణగదు. మెట్టు మధ్యలో ఒక చోట నాలుగు అంగుళాలు కుంగితే అడ్డకాలువ నీరు అక్కడ చేరుతుంది. ఒక పెద్ద వానకు గట్టు దాటుతుంది. దాటిన చోట చిన్న గండి పడి కింది మెట్టులోకి దూకుతుంది. ఆ మెట్టు తన నీటికి తోడు ఈ నీరూ మోయలేక తెగుతుంది. పైనుంచి కింది దాకా ఒక్క వానలో గండి. ఏటా ఎవరో ఒకరు వచ్చి సర్దుతున్నంత కాలమే మెట్లు నిలుస్తాయి. కంపెనీ వెళ్లిపోయాక ఆ ఎవరో ఒకరు ఉండరు.

సహజ వాలులు అలా ఉండవు. నెత్తి మీద గుండ్రంగా, నడుమ నిలువుగా, కిందికి వచ్చేసరికి పళ్లెంలా లోపలికి వంగి ఉంటాయి. నీరు పోగయ్యే కొద్దీ వాలు తగ్గుతుంది కాబట్టి దాని వేగం కూడా తగ్గుతుంది. చిన్న చిన్న లోయలు వంకరలు తిరుగుతూ ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. ఒక్కో లోయ తన నీటిని తనే మోస్తుంది. ఈ ఆకారాన్ని కొలిచి, గని నేల మీద అలాగే మలచే పద్ధతిని నికొలస్ బుగోష్ జియోఫ్లూవ్ పేరుతో రూపొందించారు. న్యూమెక్సికోలోని లా ప్లాటా, శాన్ హువాన్ గనుల్లో దాన్ని పెద్ద ఎత్తున వాడారు. పక్కనున్న తవ్వని నేలలో ఒక హెక్టారుకు ఎన్ని మీటర్ల కాలువ ఉంది, వంకల మలుపు ఎంత అని కొలిచి, ఆ కొలతలనే పూడిక మీద దించుతారు. జీపీఎస్ బిగించిన డోజర్లు వచ్చాక ఇలాంటి వంపులు తీర్చడం నిటారు మెట్లు కట్టినంత తేలికైంది. మొదట గీయడానికి శ్రమ ఎక్కువ. తర్వాత ఏటా మరమ్మతులు తక్కువ. మూసేసిన గనికి కావాల్సింది సరిగ్గా ఇదే.

జర్మనీలో రైన్ నది పక్కన లిగ్నైట్ గనుల్లో మరో తీరు కనిపిస్తుంది. అక్కడ పొలాల మీద గాలి ఎప్పుడో తెచ్చి పోసిన లోయెస్ అనే మెత్తని సారవంతమైన మన్ను మందంగా ఉంటుంది. గనికి ముందు దాన్ని విడిగా తీసి, గొయ్యి పూడ్చాక సుమారు 2 మీటర్ల మందాన తిరిగి పోస్తారు. మీద బండి నడవకుండా పోసి, దాదాపు బరువు పడని యంత్రాలతో సర్దుతారు. వెంటనే రైతు చేతికి ఇవ్వరు. మొదటి కొన్నేళ్లు గని కంపెనీయే సాగు చేస్తుంది. లోతుగా వేరు దిగే లూసర్న్ అనే పశుగ్రాసం వేసి నేల నిలదొక్కుకున్నాక మిగతా పంటలకు మళ్లుతుంది. హంబాఖ్ గని ఓబీతో లేచిన జోఫియన్‌హోహె గుట్ట చుట్టూ ఉన్న నేల కంటే 200 మీటర్ల వరకు ఎత్తుంది. ఇప్పుడది అడవి. గులకరాయి, లోయెస్ కలిపి వదులుగా పోసిన మట్టిలో ఆ చెట్లు పెరిగాయి. డోజర్‌ను ఎక్కడ ఆపాలో తెలిసిన చోట ఏం సాధ్యమో అది చెబుతుంది. ఆ గని కింద పోయిన పాత అడవికి అది సాటి అవుతుందా అంటే, కాదు. వందల ఏళ్ల అడవి నలభై ఏళ్లలో తయారవదు.

నీరు తిరిగొచ్చినప్పుడు

గని నడిచినన్నాళ్లూ పంపులు ఊట నీటిని తోడుతూ ఉంటాయి. అవి ఆగాక భూగర్భ జలం మెల్లగా పూడిక లోపలికి లేస్తుంది. పొడిగా ఉన్నప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుని నిలిచిన రాతి ముక్కల అంచులు తడిసి విరుగుతాయి, పూడిక ఒక్కసారిగా కుంగుతుంది. ఇంగ్లండ్‌లో నార్తంబర్లాండ్‌లోని హార్స్‌లీ పూడిక గొయ్యిలో 1970లలో దీన్ని లోతు లోతుగా కొలిచి చూశారు. నీటిమట్టం ఏ లోతుకు చేరితే ఆ లోతు పొర కుంగుతూ వచ్చింది. పంప్ ఆగిన వెంటనే అక్కడ ఇల్లో, రోడ్డో కట్టకూడదని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇసుక దిబ్బల్లో ఇది మరీ ప్రమాదం. తూర్పు జర్మనీ గనుల్లో ఒకే సైజు ఇసుకను వదులుగా పోశారు. నీరు నిండాక అది చిన్న కుదుపుకే ద్రవంలా మారి జారిపోగలదు. సాక్సనీ-అన్‌హాల్ట్‌లోని నాఖ్టర్‌ష్టెట్ దగ్గర పాత గనిలో సరస్సు నింపుతుండగా 2009 జూలై 18న ఒడ్డు జారి, ఇల్లు నీళ్లలోకి వెళ్లి ముగ్గురు చనిపోయారు. ఇలాంటి చోట్ల ఇప్పుడు భారీ బరువులు ఎత్తి వేసిగానీ, లోతున పేలుళ్లు జరిపిగానీ, కంపించే కడ్డీలు దించిగానీ ఇసుకను దట్టిస్తున్నారు. ఇక్కడ కావాల్సింది వదులు కాదు, గట్టిదనం. అడవికి పై పొర వదులుగా ఉండాలి, ఒడ్డుకు అడుగు గట్టిగా ఉండాలి. ఒకే గనిలో రెండూ అవసరం. ఏది ఎక్కడన్నది అక్కడి మట్టీ, నీరూ చెబుతాయి, ఎక్కడి నుంచో తెచ్చిన ప్రామాణిక డ్రాయింగ్ చెప్పదు.

పూచీ ఎంతకాలం

ఇదంతా చేయించేది చివరికి డబ్బే. అమెరికా విధానంలో కంపెనీ తవ్వకానికి ముందే పూచీ సొమ్ము పెట్టాలి. గొయ్యి పూడ్చి, సర్ది, నీటి దారులు కుదిర్చాక 60 శాతం వరకు వెనక్కిస్తారు. మొక్కలు నిలిచాక ఇంకొంత. మిగతాది, వాన ఏడాదికి 26 అంగుళాలు దాటే చోట 5 ఏళ్లు, అంతకు లోపైన చోట 10 ఏళ్లు గడిచాకే. ఎండు ప్రాంతంలో మొక్క నిలదొక్కుకోవడానికి కాలం ఎక్కువ పడుతుంది కాబట్టి ఆ తేడా సబబే. వయోమింగ్‌లో గడ్డి ఒక్కటి చాలదు. నిర్ణీత విస్తీర్ణంలో 20 శాతం నేల మీద చదరపు మీటరుకు ఒక పొద ఉండాలి. పెరగడానికి మొండికేసే సేజ్‌బ్రష్ లాంటి పొదలకు ఈ నియమం లేకపోతే ఎవరూ కష్టపడేవారు కాదు.

బలహీనత వేరే చోట ఉంది. పెద్ద కంపెనీలకు నగదు, బ్యాంకు గ్యారంటీ ఏదీ లేకుండా తమ ఆస్తులనే పూచీగా చూపే వెసులుబాటు ఇచ్చారు. 2015 ఆగస్టులో ఆల్ఫా నాచురల్ రిసోర్సెస్, 2016 జనవరిలో ఆర్చ్ కోల్, అదే ఏడాది ఏప్రిల్‌లో పీబాడీ అనే బొగ్గు కంపెనీలు దివాలా రక్షణ కోరాయి. నేల బాగుచేయడానికి డబ్బు కావాల్సిన సమయంలోనే ఆ పూచీ కాగితం విలువ కోల్పోయింది. బొగ్గు ధర పడిపోతే కంపెనీ ఆస్తి విలువా పడుతుందని ముందే తెలిసిన సంగతి. ఆ ఆస్తినే హామీగా తీసుకోవడం ఎంత తప్పో అప్పుడు బయటపడింది. 1977కు ముందు వదిలేసిన గనుల కోసం ఉన్న నిధికి 2021లో మౌలిక వసతుల చట్టం ద్వారా 11.3 బిలియన్ డాలర్లు కేటాయించారు. అంటే అర్ధ శతాబ్దం కిందటి, అంతకు ముందటి గోతుల ఖర్చు ఇప్పటి పన్ను చెల్లింపుదారుల మీద పడింది.

ఆమ్ల నీరు కారే చోట 5 ఏళ్లూ 10 ఏళ్లూ లెక్కలోకి రావు. గడ్డి నిలిచినా, వాలు నిలిచినా, ఊట నీటిని సున్నంతో శుద్ధి చేస్తూనే ఉండాలి. ఎప్పటివరకో చెప్పలేం. పెన్సిల్వేనియా దీనికి ఒక దారి పట్టింది: అలాంటి గనుల దగ్గర కంపెనీతో ట్రస్టు నిధి పెట్టించి, దాని వడ్డీతో శుద్ధి నడిచేలా చేస్తున్నారు. నిధి ఎంత ఉండాలో తేల్చేటప్పుడు సున్నం ధర, పంపు కరెంటు, బురద తరలింపు, యంత్రాల మార్పిడి అన్నీ కలుపుతారు. ఆ మొత్తం చూశాక, బోరు నమూనాల్లో పైరైట్ పొరను ముందే గుర్తించి విడిగా పూడ్చడానికి అయ్యే ఖర్చు ఎవరికైనా తక్కువగానే కనిపిస్తుంది.